చేరినవాళ్లు ఎక్కడికి పోయారు: ఒక పార్టీ శాఖలో రెండేళ్ల పని

మా పార్టీ శాఖలో సభ్యత్వ బాధ్యత నాకు అప్పగించిన రోజు చేతికి వచ్చినవి ఒక రసీదు పుస్తకం, ఒక రిజిస్టరు, ఫోన్ నంబర్లతో ఒక పొడవాటి జాబితా. అంతకుముందు జరిగిన ఎన్నికల వేడిలో చేరినవాళ్ల పేర్లన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. చేరిన తేదీ, కట్టిన చందా, సంతకం అన్నీ సరిగ్గానే ఉన్నాయి. చివరి గడికి ఎవరో ఎప్పుడో ‘పాల్గొన్న కార్యక్రమాలు’ అని పేరు పెట్టారు. పేజీలు తిప్పుతూ పోతే ఆ గడి కింద దాదాపు అంతా తెల్ల కాగితమే.

సీనియర్లను అడిగితే అందరిదీ ఒకటే మాట. ‘ఎలక్షన్ ఊపులో చేరారు, ఊపు తగ్గాక వెళ్లిపోయారు. ప్రతిసారీ ఇంతే.’ అంతవరకు నేనూ అలాగే అనుకున్నాను. పదేళ్లకు పైగా పార్టీలో ఉన్నవాణ్ణి, ఇలా వచ్చి అలా పోయినవాళ్లను చాలామందిని చూశాను. కానీ జాబితా నా చేతికి వచ్చాక ఒక సంగతి మనసులో కెలుకుతూనే ఉంది. ఊపు తగ్గి పోయారని మనమే చెప్పుకుంటున్నాం. పోయినవాళ్లను మాత్రం ఎవరూ అడగలేదు.

అలా అడగడంతో మొదలై రెండేళ్లలో మా శాఖ చేసిన మార్పులను ఇక్కడ రాస్తున్నాను. ఏ పార్టీ, ఏ ప్రాంతం అన్నది చెప్పడం లేదు, ఇందులో వచ్చే మనుషులు ఇంకా కలిసి పనిచేస్తున్నారు. శాతాలు కూడా ఇవ్వడం లేదు. మాది చిన్న శాఖ. ఇద్దరు ఎక్కువ వచ్చినా శాతం అమాంతం పెరిగినట్టు కనిపిస్తుంది, అది నమ్మి ఇంకో శాఖవాళ్లు దెబ్బ తినకూడదు.

జాబితాలో ఉన్నవాళ్లు ఏం చెప్పారు

రోజూ సాయంత్రం కొన్ని నంబర్లకు ఫోన్ చేశాను. రెండే ప్రశ్నలు. ఎందుకు చేరారు? చేరాక ఏం జరిగింది? మొదటి ప్రశ్నకు జవాబులు రకరకాలుగా వచ్చాయి. ఒకరికి విద్య మీద పార్టీ చెప్పిన మాట నచ్చింది, ఇంకొకరికి ఎదుటి పార్టీ మీద కోపం, మరొకరు ఒక అభ్యర్థి మీద నమ్మకంతో వచ్చారు. రెండో ప్రశ్నకు మాత్రం మాటల్లో తేడా ఉన్నా జవాబు ఒకటే: ‘ఏమీ జరగలేదండీ.’

లెక్కల పని చేసి రిటైరైన ఒక పెద్దాయన ఫారంలో ‘ఖాతాలు రాయగలను’ అని రాశారు. మా కోశాధికారి ఏడాదిగా లెక్కలు తేలక టెన్షన్ పడుతున్నారు. ఈ ఇద్దరికీ ఒకరి గురించి ఒకరికి తెలియదు. వ్యాన్ నడిపే ఒకతను ‘వాహనం ఉంది’ అన్న చోట టిక్ పెట్టాడు. ప్రచారానికి బండి దొరక్క మేం అద్దెకు తెచ్చుకున్న రోజులు నాకు గుర్తొచ్చాయి. ఒకమ్మాయి సమావేశానికి వచ్చింది కూడా. వెనక వరసలో రెండు గంటలు కూర్చుని వెళ్లిపోయింది. ‘ఎవరైనా పేరు అడుగుతారేమో అనుకున్నాను’ అంది. ఆ సమావేశంలో నేను ముందు వరసలో ఉన్నాను.

ఇంకొకరు నెమ్మదిగా, కోపం లేకుండా చెప్పిన మాట చాలా రోజులు నాతో ఉండిపోయింది. ‘మీకు సభ్యుల సంఖ్య కావాలి. సభ్యులతో మీకు పని లేదు.’

మనుషులు రాజకీయాల్లో ఎందుకు పాల్గొనరన్న దాని మీద అమెరికాలో సిడ్నీ వెర్బా, కే ష్లోజ్‌మన్, హెన్రీ బ్రేడీ పెద్ద సర్వే చేసి 1995లో ఫలితాలు ప్రచురించారు. వాళ్లు చెప్పిన కారణాలు మూడు. తీరిక, డబ్బు, నేర్పు లాంటివి లేక కొందరు రాలేరు. కొందరికి ఇష్టం ఉండదు. మిగిలినవాళ్లను ఎవరూ అడగరు. మా సీనియర్లు రెండో కారణం చెబుతున్నారు. నా ఫోన్లలో ఎక్కువగా వినిపించింది మూడోది. రెండో దాన్ని మనం పెద్దగా మార్చలేం. మూడోది పూర్తిగా మన చేతిలోనే ఉంది. నేను పట్టుదలతో కూర్చున్నది అందుకే.

కాగితం నడిచిన దారి

ముందు ఒక సభ్యత్వ ఫారం ఎక్కడెక్కడ తిరుగుతుందో వెతికాను. సభ్యుడు నింపి ఇస్తాడు. అది కేంద్ర కార్యాలయానికి వెళుతుంది. అక్కడ నమోదై పై కమిటీకి, అక్కడినుంచి మా శాఖకు జాబితాగా వస్తుంది. ఆ జాబితా వచ్చేసరికి ఆరు వారాలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. ఈలోగా సభ్యుడికి అందేది ఒక ఆటోమేటిక్ మెసేజ్, ఆ తర్వాత విరాళం అడిగే మెసేజ్. ఎవరో ఒకరు ఫోన్ చేస్తారని ఎదురుచూసే వారం ఆ ఆరు వారాల్లో ఎప్పుడో గడిచిపోతుంది.

ఇది అన్ని చోట్లా ఉన్న సమస్యే. ఒక్కోసారి పార్టీల మీదికి జనం వరదలా వస్తారు. స్కాట్లండ్‌లో 2014 సెప్టెంబరు 18న బ్రిటన్ నుంచి స్వాతంత్ర్యం మీద రెఫరెండం, అంటే ప్రజాభిప్రాయ సేకరణ, జరిగింది. స్వాతంత్ర్యం కోరిన పక్షం ఓడింది. అప్పటికి ఆ పక్షాన నిలిచిన స్కాటిష్ నేషనల్ పార్టీ సభ్యులు 25 వేలకు కాస్త ఎక్కువ. 2015 మార్చికల్లా ఆ సంఖ్య లక్ష దాటింది. అలాంటి ఆరు నెలల్లో ఏ శాఖ గదీ చాలదు, ఏ కార్యదర్శికీ ఓపిక మిగలదు. మాకు వచ్చింది వరద కూడా కాదు, చిన్న వాన. దానికే చేతులెత్తేశాం.

పై కమిటీతో మూడు నెలలు ఉత్తరాలు నడిపాక వారానికోసారి జాబితా పంపడానికి ఒప్పుకున్నారు. ఈ పనిలో గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు, ఒక స్ప్రెడ్‌షీట్, ఒక ఈమెయిల్. అయినా రెండేళ్లలో మేం చేసిన వాటిలో అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చింది బహుశా ఇదేనని నా నమ్మకం.

వెనక వరసలో ఒక సాయంత్రం

తర్వాతి నెల సమావేశంలో నా కుర్చీ వదిలి వెనక వరసలో కూర్చున్నాను. ఇక్కడ ఎవరూ తెలియనివాణ్ణి అనుకుని ఒక నోట్‌బుక్‌లో అర్థం కాని మాటలన్నీ రాసుకోవడం మొదలుపెట్టాను. మూడు పేజీలు నిండాయి. కమిటీల పొట్టి పేర్లు, ఇంటిపేర్లతో మాత్రమే పిలిచే నాయకులు, ‘పోయినసారి ఆ గొడవ’ అంటూ సగంలో ఆపేసిన మాటలు. కోరం, అంటే సభ చెల్లడానికి ఉండాల్సిన కనీస హాజరు, ఉందా లేదా అన్న చర్చ పావుగంట నడిచింది. కోరం అంటే ఏమిటో, లేకపోతే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు. ‘సవరణకు సవరణ’ మీద ఓటింగు జరిగినప్పుడు పక్కనున్న కొత్త కుర్రాడు నా వైపు చూసి చెయ్యి ఎత్తాలా వద్దా అని కళ్లతోనే అడిగాడు.

సభా నియమాలంటే నాకు గౌరవం ఉంది. అవి లేకపోతే గొంతు పెద్దగా ఉన్నవాడిదే మాట అవుతుంది. అమెరికా సైన్యంలో ఇంజనీరుగా పనిచేసిన హెన్రీ మార్టిన్ రాబర్ట్ కథ ఇక్కడ చెప్పాలి. 1863లో న్యూ బెడ్‌ఫర్డ్ అనే ఊళ్లో ఒక చర్చి సమావేశానికి అధ్యక్షత వహించమని ఆయన్ను కూర్చోబెట్టారు. సభ ఎలా నడపాలో ఆయనకు తెలియదు, సభ గందరగోళమైంది. ఆ తలవంపుతోనే నియమాలు చదవడం మొదలుపెట్టి 1876లో సొంతంగా ఒక నియమావళి అచ్చువేశాడు. ఇవాళ్టికీ ఎన్నో సంఘాలు దాన్నే వాడుతున్నాయి. ఆ పుస్తకం పుట్టిందే తెలియనివాడి ఇబ్బంది లోంచి. మనం అవే నియమాలను తెలియనివాణ్ణి బయట నిలబెట్టడానికి వాడుతున్నాం, అదీ మనకు తెలియకుండానే.

ఆ సాయంత్రం నేను చూసిన రెండో సంగతి ఇంకా ముఖ్యమైనది. సమావేశం ముగిశాక పాతవాళ్లం ఆరేడుగురం మెట్ల దగ్గర నిలబడ్డాం. లోపల రెండు గంటల్లో తేలని ప్రచార బాధ్యతలు అక్కడ పది నిమిషాల్లో తేలిపోయాయి. కొత్తవాళ్లు మా పక్కనుంచే మెట్లు దిగి వెళ్లారు. ఇలాంటి దాని గురించి స్త్రీవాద ఉద్యమంలో పనిచేసిన జో ఫ్రీమన్ 1970లోనే ఒక ప్రసంగంలో హెచ్చరించింది. నిర్మాణం లేని గుంపు అంటూ ఏదీ ఉండదని, పైకి కనిపించే నిర్మాణం లేని చోట స్నేహాలే నిర్మాణమైపోతాయని, ఆ స్నేహాల్లో లేనివాళ్లకు తలుపు ఎక్కడుందో కూడా తెలియదని ఆమె వాదన. మాకు కాగితం మీద నిర్మాణం ఉంది. పని మాత్రం మెట్ల మీద జరుగుతోంది.

మేం చేసింది: మొదటి ఫోన్

జాబితా అందిన మూడు రోజుల్లో ప్రతి కొత్త సభ్యుడికీ ఒక మనిషి ఫోన్ చేయాలి. ఇది నియమంగా పెట్టుకున్నాం. మొదట్లో మా అధ్యక్షుడే ఫోన్ చేస్తే గౌరవంగా ఉంటుందనుకున్నాం. ఆయన చేశారు. అవతలివాళ్లు ‘అలాగే సార్, అలాగే సార్’ అని పెట్టేశారు. ఎవరూ ఏమీ అడగలేదు. తర్వాత ఏడాది లోపు చేరినవాళ్లతో ఫోన్ చేయించాం. అప్పుడు మాట సాగింది. ‘సమావేశానికి ఏం వేసుకుని రావాలి’, ‘నాకు సిద్ధాంతం అంతా తెలియదు, ఫర్వాలేదా’, ‘మా ఇంట్లో వేరే పార్టీ, పేరు బయటికి వస్తుందా’ లాంటివి అడిగారు. ఈ ప్రశ్నలు అధ్యక్షుణ్ణి ఎవరూ అడగరు. నిన్నగాక మొన్న అవే అనుమానాలతో వచ్చినవాళ్లనైతే అడుగుతారు.

మొదటి ఫోన్‌లో డబ్బు మాట ఎత్తకూడదు, పని కూడా అప్పజెప్పకూడదు. వినాలి. చివర్లో ఒక్క ప్రశ్న: ‘నెలకు ఎంత సమయం ఇవ్వగలరు? అస్సలు కుదరదన్నా ఫర్వాలేదు.’ ఆ రెండో వాక్యం మీద మా కమిటీలో పెద్ద వాదనే జరిగింది. కుదరదనడానికి మనమే దారి చూపిస్తున్నామన్నారు. నేను పట్టుబట్టాను. చందా కట్టి ఓటు వేసి ఊరుకునే సభ్యుడు కూడా పార్టీకి బలమే. ఆయనకు అపరాధ భావం అంటగడితే వచ్చే ఏడాది చందా కూడా ఆగిపోతుంది. పైగా ‘ఫర్వాలేదు’ అన్న మాట విన్నాక చాలామంది తమంతట తామే ‘నెలకు రెండు గంటలైతే చేయగలను’ అన్నారు.

ఇంట్లో వేరే పార్టీ అన్న ప్రశ్న మమ్మల్ని ఇంకో పని చేయించింది. ఎవరి రాజకీయ అభిప్రాయం ఏమిటన్నది చాలా సున్నితమైన సమాచారం. యూరప్‌లో 2018 మే నుంచి అమల్లో ఉన్న డేటా రక్షణ చట్టం రాజకీయ అభిప్రాయాలను ఆరోగ్య వివరాలతో పాటు ప్రత్యేక రక్షణ ఉన్న వర్గంలో పెట్టింది. మేమేమో కొత్తవాళ్లందరినీ అడగకుండా ఒక పెద్ద వాట్సాప్ గ్రూపులో కలిపేస్తున్నాం. అంటే ప్రతి ఒక్కరి నంబరూ, పార్టీ అనుబంధమూ వందమందికి తెలిసిపోతోంది. ఆ పద్ధతి ఆ నెలలోనే ఆపేశాం. ఇప్పుడు అడిగి, ఒప్పుకున్నవాళ్లనే కలుపుతున్నాం. రోజుకు నూట యాభై ఫార్వర్డులు వచ్చే ఆ గ్రూపుకు తోడు, వారానికి ఒక్క మెసేజ్ మాత్రమే వచ్చే ఇంకో గ్రూపు పెట్టాం. ఈ వారం ఏముంది, ఎక్కడ, ఎంతసేపు. అంతే.

రెండు గంటల పని

ఫోన్ తర్వాత నెలలోపు ఒక పని. పని ఎలా ఉండాలన్నది మేం తప్పులు చేస్తూ నేర్చుకున్నాం. మొదట్లో దొరికిన పనల్లా ఇచ్చాం: కుర్చీలు సర్దడం, కరపత్రాలు మడవడం, బ్యానర్ పట్టుకోవడం. అవి అవసరమే, పాతవాళ్లమూ చేస్తాం. కానీ రాజకీయం మీద ఆశతో వచ్చిన మనిషికి మొదటి రోజంతా కుర్చీలే అయితే రెండో రోజు రావడానికి కారణం దొరకదు.

ఇప్పుడు మేం ఇచ్చే మొదటి పని రెండు గంటల్లో మొదలై పూర్తవుతుంది. ఇంకొకరితో కలిసి చేసేదై ఉంటుంది. దాని ఫలితం కోసం ఎవరో ఒకరు నిజంగా ఎదురుచూస్తూ ఉంటారు. ఒక వీధి ఓటర్ల జాబితాలో చనిపోయినవాళ్లు, మారిపోయినవాళ్లు, కొత్తగా పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లు ఎవరో సరిచూడటం ఇలాంటి పని. అది పూర్తికాగానే బూత్ చూసుకునే కార్యకర్త ఆ కాగితం అందుకుని అక్కడే చదువుతారు, అనుమానాలు అడుగుతారు. తాను తెచ్చిన కాగితాన్ని ఒకరు శ్రద్ధగా చదవడం చూసిన సభ్యుడి ముఖంలో మార్పు నేను చాలాసార్లు చూశాను.

ఇంటింటి ప్రచారానికి మాత్రం కొత్తవాళ్లు భయపడతారు. దాన్నుంచి వాళ్లను తప్పించకూడదన్నది నా గట్టి అభిప్రాయం. ఎదురుగా నిలబడి మాట్లాడటానికి ఉన్న బలం వేరే దేనికీ లేదు. 1998లో అమెరికాలోని న్యూ హేవెన్‌లో అలన్ గెర్బర్, డొనాల్డ్ గ్రీన్ దాదాపు 30 వేల మంది ఓటర్ల మీద ప్రయోగం చేశారు. ఇంటికి వెళ్లి ముఖాముఖి అడిగితే ఓటింగు బాగా పెరిగింది. ఉత్తరాలతో కొద్దిగా పెరిగింది. ఫోన్లతో ఫలితం కనిపించలేదు. అంటే మనిషిని తలుపు దాకా పంపగలగడమే పార్టీకి ఉన్న అసలైన ఆస్తి. ఆ పనిని కొత్తవాళ్లకు ఇవ్వకుండా దాచుకుంటే వాళ్లను చిన్నచూపు చూసినట్టే.

మా దగ్గర దీనికి మూడో తలుపు పద్ధతి వచ్చింది. మొదటి రెండు ఇళ్లలో పాత కార్యకర్త మాట్లాడతారు, కొత్తవాళ్లు పక్కన నిలబడి వింటారు. మూడో ఇంట్లో కొత్తవాళ్లు మాట్లాడతారు, పాతవాళ్లు నోరు మెదపకూడదు. తప్పు మాట వచ్చినా, అంకె తప్పు చెప్పినా అక్కడ సరిదిద్దకూడదు, గేటు దాటాక చెప్పాలి. పాతవాళ్లకు ఇది చాలా కష్టమైంది. వెనక వరసలో కూర్చుని వెళ్లిపోయానని ఫోన్‌లో చెప్పిన అమ్మాయి మళ్లీ వచ్చి మొదటిసారి మూడో తలుపు దగ్గర నిలబడ్డ రోజు, తలుపు తీసినాయన పార్టీని తిట్టడం మొదలుపెట్టారు. ఆమె ఆయన చెప్పిందంతా విని, ‘మీరన్న దాంట్లో ఒకటి నిజమే, నేను మా మీటింగులో అడుగుతాను’ అంది. మేం ఇన్నేళ్లలో ఎప్పుడూ అలా అనలేదు. ఆమె నిజంగానే అడిగింది, జవాబు తీసుకుని మళ్లీ ఆ ఇంటికి వెళ్లింది.

పనికిరానివి

సగం రోజు శిక్షణ శిబిరం పెట్టాం. పార్టీ చరిత్ర, సిద్ధాంతం, నిర్మాణం మీద మూడు ఉపన్యాసాలు. వచ్చినవాళ్లంతా బాగుందన్నారు. వాళ్లలో ఎవరూ తర్వాతి నెల కనిపించలేదు. చరిత్ర తెలియాలి, కాదనను. కానీ పని మొదలుపెట్టిన మనిషికి అది అవసరంగా తోస్తుంది, మొదలుపెట్టనివాళ్లకు అది ఒక క్లాసు.

నైపుణ్యాల ఫారం ఇంకా పెద్ద పొరపాటు. నలభై గడులతో తయారుచేశాం: టైపింగు, అనువాదం, ఫొటోలు, పాటలు, న్యాయ సలహా. అందరూ శ్రద్ధగా నింపారు. వాటిని ఎవరు చదవాలో మేం అనుకోలేదు. ఫారాలు బీరువాలోకి వెళ్లాయి. అడగకుండా ఉంటే సగం తప్పు. అడిగి పట్టించుకోకపోతే పూర్తి తప్పు. ఆ ఫారం రద్దు చేశాం. ఇప్పుడు ఫోన్ చేసినవాళ్లే ఒక్క వాక్యం రాసి ఏ పనికి ఎవరిని కలపాలో అదే రోజు చెబుతారు.

కొత్తవాళ్లకు తోడుగా ఒక పాత సభ్యుణ్ణి జత చేయడం కూడా మొదటిసారి విఫలమైంది. అక్షర క్రమంలో జతలు వేశాం. తెల్లారే పనికి వెళ్లేవాళ్లకు రాత్రి పదింటికి తప్ప తీరని తోడు దొరికితే ఆ జత ఎన్నాళ్లు నిలుస్తుంది? తర్వాత ఇద్దరికీ తీరిక ఉండే సమయాన్ని బట్టి కలిపాం, మూడు నెలల గడువు పెట్టాం. గడువు అయ్యాక జత విడిపోవచ్చు, ఎవరూ ఎవరినీ వదిలేసినట్టు కాదు. అప్పటినుంచి నిలుస్తోంది.

పాతవాళ్లు

అన్నిటికంటే ఎక్కువ సమయం, ఎక్కువ మనస్తాపం ఇక్కడే. కొత్తవాళ్లకు పని ఇవ్వాలంటే ఆ పని ఇప్పుడు ఎవరి చేతిలోనో ఉంది. ఈ సంగతి నేను ఆలస్యంగా గ్రహించాను.

మా శాఖలో ప్రచార సామగ్రి అంతా చూసుకునే ఒక కార్యకర్త ఉన్నారు. జెండాలు, కరపత్రాలు, మైకు సెట్టు, తాళం చెవులు అన్నీ ఆయన దగ్గరే. ఎన్నో ఏళ్లుగా జీతం లేకుండా, గుర్తింపు లేకుండా చేశారు. వానలో బ్యానర్లు తడవకుండా రాత్రిళ్లు కాపలా కాశారు. ఆయన పనిలో సాయానికి ఇద్దరు కొత్తవాళ్లను పెడుతున్నామని నేను సమావేశంలో ప్రకటించాను. మంచి వార్త చెబుతున్నాననే అనుకున్నాను. ఆయన లేచి తాళం చెవులు బల్ల మీద పెట్టి, ‘సరే తమ్ముడూ, ఇక నా అవసరం లేదన్నమాట’ అని వెళ్లిపోయారు.

తప్పు పూర్తిగా నాదే. ఆ మాట ముందు ఆయన ఇంటికి వెళ్లి చెప్పాల్సింది. మర్నాడు వెళ్లాను, వారం తర్వాత మళ్లీ వెళ్లాను. మూడోసారి ఆయన మనసు విప్పారు. ‘నాకు మాట్లాడటం రాదు, వేదిక ఎక్కను. ఈ సామానే నా రాజకీయం. అది ఇచ్చేస్తే నేను పార్టీలో ఎవరిని?’ అన్నారు. అప్పటిదాకా నేను కొత్తవాళ్లను ఎవరూ పలకరించడం లేదనే బాధలో ఉన్నాను. ఈయన్ను కూడా ఎవరూ పలకరించలేదని, పని ఒక్కటే ఆయన్ను పట్టి ఉంచిందని ఆ రోజు తెలిసింది.

తర్వాత పద్ధతి మార్చాం. ఎవరి పనిలో సాయం కావాలో వాళ్లే చెప్పాలి, ఎవరు కావాలో వాళ్లే ఎంచుకోవాలి. ఆయన వ్యాన్ నడిపే కుర్రాణ్ణి ఎంచుకున్నారు. సామాను ఎలా మడవాలి, మైకు ఎక్కడ పెడితే గోల రాదు, ఏ ప్రింటరు మాట మీద నిలబడతాడు వంటివన్నీ ఆయన చెబుతుంటే ఆ కుర్రాడు రాసుకున్నాడు. ఆ కాగితాలు ఇప్పుడు మా కార్యాలయం గోడకు ఉన్నాయి, కింద ఆయన పేరుతో.

రెండో ఇబ్బంది పార్టీలోని వర్గాలది. కొత్త సభ్యుల జాబితా అంటే లోపలి ఎన్నికల్లో ఓట్ల జాబితా కూడా. అది నా చేతిలో ఉంది, ఫోన్లు నేను చేయిస్తున్నాను. నా వర్గం పెంచుకుంటున్నానని ఆరోపణ వచ్చింది. మొదట బాధపడ్డాను. తర్వాత ఆలోచిస్తే అనుమానం సహజమే అనిపించింది. రాబర్ట్ మిచెల్స్ తాను అంతకుముందు సభ్యుడిగా ఉన్న జర్మన్ సోషల్ డెమోక్రాట్ల పార్టీని దగ్గరనుంచి చూసి 1911లో ఒక సిద్ధాంతం చెప్పాడు. ఎంత ప్రజాస్వామ్యం కోరే సంస్థ అయినా, సమాచారం, నైపుణ్యం, తీరిక ఉన్న కొద్దిమంది చేతిలోకి వెళ్లిపోతుందని. ఆయన దాన్ని తప్పించుకోలేని నియమం అన్నాడు. నేను అంత దూరం వెళ్లను. కానీ జాబితా ఒక్కరి చేతిలో ఉంటే ఆ దారిలోనే పోతామని మాత్రం నమ్ముతున్నాను.

అందుకని జాబితాను ఇద్దరి చేతిలో పెట్టాం, ఆ ఇద్దరూ వేర్వేరు వర్గాలవాళ్లు. ఎవరికి ఎప్పుడు ఫోన్ వెళ్లిందో కమిటీలో ఎవరైనా చూడొచ్చు. మొదటి మూడు నెలలు లోపలి ఎన్నికల్లో మద్దతు కోసం ఏ వర్గమూ కొత్తవాళ్లను అడగకూడదని రాతపూర్వకంగా ఒప్పుకున్నాం. ఒప్పందాన్ని రెండుసార్లు అతిక్రమించారు, రెండుసార్లూ సమావేశంలో పేరు పెట్టి అడిగాం.

కొత్తవాళ్లకు ఓటు హక్కు ఎంత త్వరగా ఇవ్వాలన్న దాని మీద ఇంకా మాకు ఏకాభిప్రాయం లేదు. బ్రిటన్‌లో 2015లో లేబర్ పార్టీ 3 పౌండ్లు కట్టిన మద్దతుదారులకు నాయకుడి ఎన్నికలో ఓటు ఇచ్చింది. లక్షకు పైగా జనం అలా ఓటేశారు. జెరెమీ కోర్బిన్ 59.5 శాతం ఓట్లతో గెలిచారు. మరుసటి ఏడాది మళ్లీ ఎన్నిక వచ్చినప్పుడు ఆ రుసుమును 25 పౌండ్లకు పెంచారు. తలుపు ఎంత తెరవాలన్న భయం ఆ పెంపులోనే కనిపిస్తుంది. నా మట్టుకు నేను త్వరగా ఇవ్వాలనే వైపు ఉన్నాను. పని చేయించుకుని ఓటు ఇవ్వకపోవడం న్యాయం కాదు.

ఇప్పుడు

రిటైరైన పెద్దాయన మా లెక్కలు చూస్తున్నారు. ఏడాది లెక్క మొదటిసారి గడువులోపు పై కమిటీకి వెళ్లింది. సమావేశం మొదటి ఇరవై నిమిషాలు ఇప్పుడు అజెండాలో ఏముందో, దేని మీద ఓటు ఉంటుందో మామూలు మాటల్లో చెప్పడానికే. పాతవాళ్లలో కూడా కొందరు ‘ఇన్నాళ్లూ ఇది నాకూ సరిగ్గా తెలియదు’ అన్నారు. మెట్ల మీద మాటలు పూర్తిగా ఆగలేదు, ఆగవు కూడా. కానీ అక్కడ అనుకున్నది ఏదైనా వారం మెసేజ్‌లో రాయాలి, లేకపోతే అది నిర్ణయం కిందికి రాదు.

అందరూ నిలవలేదు. చాలా చురుగ్గా పనిచేసిన ఒకతను భూమి విషయంలో పార్టీ తీసుకున్న వైఖరి నచ్చక వెళ్లిపోయాడు. మంచి ఫోన్‌కాల్, మంచి తోడు ఆ దూరాన్ని పూడ్చలేవు. అతను వెళ్లేముందు ఆ వైఖరి మీద మా శాఖలో ఒక్క చర్చ కూడా జరగలేదన్నది నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆ తర్వాత నెలకో సాయంత్రం పార్టీ విధానాల మీద వాదించుకోవడానికే కేటాయించాం. తీర్మానాలు ఉండవు, చర్చను రాసిపెట్టే మినిట్స్ ఉండవు. పని మీద ఆసక్తి లేనివాళ్లు కూడా దానికి వస్తున్నారు.

ఒక సమస్య అలాగే ఉంది. రాత్రి డ్యూటీలు చేసే ఒక నర్సు మా ఓటర్ల జాబితా పనిలో అందరికంటే ముందుంటారు, తెల్లారుజామున ఇంటికి వెళుతూ వీధులు సరిచూసి వెళతారు. మా సమావేశాలన్నీ సాయంత్రమే. నియమావళి ప్రకారం హాజరై చెయ్యి ఎత్తినవాళ్లకే ఓటు. రెండేళ్లలో ఆమె ఒక్క నిర్ణయంలోనూ ఓటు వేయలేదు. హాజరు కాకుండా ఓటు వేయించడం ఎక్కడా లేని వింత ఏమీ కాదు. 2013 డిసెంబరులో జర్మనీ సోషల్ డెమోక్రాట్లు సంకీర్ణ ప్రభుత్వంలో చేరాలా వద్దా అని తమ దాదాపు 4.75 లక్షల సభ్యులను పోస్టు ద్వారా అడిగారు. ఓటేసినవాళ్లలో 76 శాతం దాకా సరే అన్నారు. 2018లోనూ అలాగే అడిగారు. అంత పెద్ద పార్టీ పోస్టులో చేసిన పని మా శాఖ ఒక కవరుతో చేయలేదా?

నియమావళి సవరణను ఆమే రాశారు. ముఖ్యమైన తీర్మానాలు వారం ముందు అందరికీ పంపాలి, రాలేనివాళ్లు మూసిన కవరులో ఓటు పంపవచ్చు, కవర్లను రెండు వర్గాల ప్రతినిధుల ముందు తెరవాలి. మొదటిసారి ఆమె తరఫున నేను ప్రతిపాదించాను. మూడింట రెండొంతుల మద్దతు కావాలి, నాలుగు ఓట్లు తగ్గాయి. వ్యతిరేకించినవాళ్లు ఎక్కువమంది అన్నది ఒకటే: రానివాళ్లకు చర్చ తెలియదు, చర్చ వినకుండా ఓటు ఎలా? అది తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు. ఆమెకు అదే చెప్పాను.

వచ్చే నెల సర్వసభ్య సమావేశంలో సవరణ మళ్లీ వస్తోంది. ఈసారి ఆమె చర్చ సారాంశాన్ని ఇరుపక్షాల వాదనలతో కవరుకు జతచేయాలన్న మాట కలిపారు. ప్రతిపాదన తానే చదువుతానన్నారు. ఆ రాత్రి డ్యూటీ ఇంకొకరితో మార్చుకున్నారు.